ఎమిల్ జోలా: విమర్శకుడి జీతం, నవలాకారుడి ఫైళ్లు

కోనసీమ_చదువరి (చర్చ మొదలుపెట్టినవారు)

ఫ్రెంచ్ నవలాకారుడు జోలా పేరెత్తితే మన దగ్గర రెండు ముక్కలే వినిపిస్తాయి. ఒకటి నేచురలిజం (మనుషులను వంశం, పరిసరాల ఫలితంగా చూపే రచనా ధోరణి), రెండోది డ్రేఫస్ కేసు (చేయని గూఢచర్యానికి శిక్షపడిన యూదు సైనికాధికారి కేసు). రెండూ నిజమే. కానీ ఈ రెంటి మధ్య ఒకే వంశం కథగా సాగే ఇరవై నవలల రూగోన్-మకార్ వరుస ఉంది (1871 నుంచి 1893 దాకా). దాని పక్కనే కట్టలకొద్దీ పత్రికా విమర్శ ఉంది.

1880లో పుస్తకంగా వచ్చిన "ప్రయోగాత్మక నవల" వ్యాసంలో జోలా చెప్పేది ఇది: నవలాకారుడు ప్రయోగశాలలో వైద్యుడి లాంటివాడు, పాత్రను ఒక పరిస్థితిలో పెట్టి ఏమవుతుందో గమనిస్తాడు. నవలలు నిజంగా అలాగే రాశాడా, లేక అది పత్రికల కోసం వేసుకున్న జెండానా? ఆయన పని విధానం తెలిసినవాళ్లు వివరంగా చెప్పాలి. కొత్తవాళ్లు ఏ నవలతో మొదలుపెట్టాలో, ఏ అనువాదానికి దూరంగా ఉండాలో కూడా చెబితే మేలు.

పాతసంచిక

ముందు ఆయన విమర్శకుడు ఎలా అయ్యాడో చూడాలి. అది తెలిస్తే మిగతాది సులువు.

పుట్టింది పారిస్‌లో, 1840 ఏప్రిల్ 2న. తండ్రి ఫ్రాంచెస్కో వెనిస్‌లో పుట్టిన ఇంజనీరు. ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ దగ్గర ఆనకట్ట పనిమీద కుటుంబాన్ని అక్కడికి తీసుకెళ్లి 1847లో పోయాడు. ఇంట్లో డబ్బు లేదు. 1858లో తల్లీకొడుకులు పారిస్ చేరారు. 1859లో బాకలోరియా (బడి చదువు ముగింపు) పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఇక పెద్ద ఉద్యోగాల దారి మూసుకుపోయింది.

1862 మార్చిలో అషెట్ ప్రచురణ సంస్థలో పుస్తకాలు ప్యాక్ చేసే పని, నెలకు 100 ఫ్రాంకులు. తర్వాత ప్రచార విభాగం పెద్ద అయ్యాడు, 200 ఫ్రాంకులు. ఈ నాలుగేళ్లే అసలు చదువు. ఏ పత్రికకు ఏ పుస్తకం పంపాలి, సమీక్షకుడికి ఎన్ని లైన్ల నోటు ముందే రాసిస్తే యథాతథంగా అచ్చవుతుంది, ఒక వివాదం ఎన్ని కాపీలు అమ్మిపెడుతుంది, అన్నీ అక్కడే తెలుసుకున్నాడు. తర్వాత తన పుస్తకాలకూ ఇదే పద్ధతి వాడాడు.

1866 జనవరి ఆఖరున అషెట్ వదిలేసి విల్‌మెసాన్ నడిపే లేవెన్‌మాన్ పత్రికలో పుస్తకాల శీర్షిక చేపట్టాడు. జీతం నెలకు 500 ఫ్రాంకులు. నవలాకారుడిగా అప్పటికి చేతికొచ్చింది దాదాపు సున్నా. అందుకే విమర్శను పక్కవ్యాపకం అనుకోవద్దు. పదేళ్లకు పైగా ఇల్లు గడిచింది దానిమీదే. మార్సెయ్ పత్రిక లె సెమఫోర్‌కు 1871 నుంచి 1877 దాకా సంతకం లేకుండా పారిస్ కబుర్లు పంపాడు. లె బియన్ పబ్లిక్‌లో నాటక విమర్శ రాశాడు. రష్యన్ రచయిత తుర్గేనెవ్ సిఫార్సుతో సెయింట్ పీటర్స్‌బర్గ్ మాసపత్రిక "వెస్త్నిక్ యెవ్రోపీ"కి 1875 నుంచి 1880 దాకా 64 లేఖలు రాశాడు. మీరు అడిగిన "ప్రయోగాత్మక నవల" వ్యాసం తొలుత వెలుగు చూసింది ఆ రష్యన్ పత్రికలోనే, 1879లో.

గోడబొమ్మ

చిత్రకళ విమర్శ సంగతి నేను అందుకుంటాను.

1866 ఏప్రిల్, మే నెలల్లో లేవెన్‌మాన్‌లోనే "నా సలోన్" పేరుతో వరుస వ్యాసాలు, క్లోద్ అనే మారుపేరుతో. సలోన్ అంటే పారిస్‌లో జరిగే అధికారిక చిత్ర ప్రదర్శన. ఆయన ముందుగా పట్టుకున్నది బొమ్మలను కాదు, వాటిని ఎంపిక చేసిన జ్యూరీని. ఎవరు ఏ లెక్కన వచ్చారు, ఎవరు ఎవరిని తిప్పికొట్టారు అని నిలదీశాడు. తర్వాత, ఆ ఏడు సలోన్‌లో చోటే దక్కని చిత్రకారుడు మానేకు లూవ్ర్ మ్యూజియంలో స్థానం ఖాయమని రాశాడు. చందాదార్లు తిరగబడ్డారు, యజమాని వరుసను అర్ధాంతరంగా ఆపించాడు. ఆ వ్యాసాలనే చిన్న పుస్తకంగా వేసి చిన్ననాటి స్నేహితుడు, చిత్రకారుడు సెజాన్‌కు అంకితమిచ్చాడు. కళాఖండం అంటే ఒక మనిషి స్వభావంలోంచి కనిపించే సృష్టిలోని ఒక మూల అన్న నిర్వచనం కూడా ఆ రోజులదే. ఇందులో "స్వభావం" ఎంత బరువు మోస్తోందో చూడండి. పద్నాలుగేళ్ల తర్వాత ప్రయోగశాల కబుర్లు చెప్పిన మనిషి మొదట నిలబడిన చోటు ఇది.

1867లో మానేపై పెద్ద వ్యాసం వచ్చింది. 1868లో మానే బదులుగా జోలా బొమ్మ వేశాడు, ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆ బొమ్మను దగ్గరగా చూడండి. బల్లమీద పుస్తకాల మధ్య జోలా రాసిన ఆ నీలం అట్ట కరపత్రం, దానిమీద మానే పేరు. మానే సంతకంగా పనిచేసేది అదే. వెనక గోడమీద "ఒలింపియా" నకలు, వెలాస్కెజ్ తాగుబోతుల బొమ్మ, జపాన్ ముద్రణ. జోలా చేతిలో తెరిచిన పుస్తకం ఉన్నా చూపు దానిమీద లేదు. ఇంత తూచి వేసిన బొమ్మలో జోలా రాసుకునే నవలల తాలూకు ఆనవాలు ఒక్కటీ లేదు. అప్పటికి ఆయన ఊరికి తెలిసింది విమర్శకుడిగానే.

తర్వాత మెల్లగా వెనక్కి తగ్గాడు. 1880లో లె వోల్తేర్‌లో ఇంప్రెషనిస్టుల గురించి రాస్తూ దారి చూపారు గానీ వాళ్లలో మహామహుడు ఇంకా పుట్టలేదన్నాడు. 1896లో ఫిగారోలో సెజాన్‌ను విఫలమైన మహా చిత్రకారుల కోవలో వేశాడు. విమర్శకుడిగా జోలా చేసిన పెద్ద పొరపాటు ఏదంటే నేను ఇదే చెబుతాను. చిత్రం "పూర్తి" కావాలన్నది ఆయన పట్టు. సెజాన్ చేస్తున్నది పూర్తి కాని పని కాదు, వేరే పని.

కోనసీమ_చదువరి

గోడబొమ్మ గారూ, చిత్రకారుడి కథ అయిన "లోవ్ర్" నవల (1886) చదివి సెజాన్ స్నేహం తెంచుకున్నాడంటారు కదా?

గోడబొమ్మ

పుస్తకాల్లో అలాగే ఉండేది. 1886 ఏప్రిల్ 4న సెజాన్ రాసిన పొడి పొడి కృతజ్ఞతల ఉత్తరమే చివరిదని చాలాకాలం అనుకున్నారు. తర్వాత 1887 నవంబర్ 28 నాటి మరో ఉత్తరం బయటపడింది. జోలా నవల "లా తేర్" కాపీ అందిందని, జోలా తిరిగొచ్చాక వచ్చి కలుస్తానని అందులో ఉంది. కాబట్టి ఆ ఒక్క నవలతో ఆ రోజే తెగిపోయిందనే కథ నిలబడదు. దూరం పెరిగింది నిజమే. ఇంకో సంగతి, నవలలోని చిత్రకారుడు క్లోద్ లాంతియే ఒక్క సెజాన్ కాదు. మానే ఉన్నాడు, జోలా కూడా కొంత ఉన్నాడు.

మూలప్రతి

పని విధానం సంగతికి వద్దాం. సిద్ధాంత వ్యాసాలు కాసేపు పక్కన పెట్టి ఫ్రెంచ్ జాతీయ గ్రంథాలయంలోని తయారీ ఫైళ్లు చూడండి. ప్రతి నవలకూ ఒకటి ఉంది, కొన్నింటికి రెండు మూడు సంపుటాలు. స్థూలంగా వరుస ఇది:

మొదట "ఎబోష్", అంటే చిత్తు ఆలోచన. ఇది సారాంశం కాదు. జోలా తనతో తానే మాట్లాడుకుంటాడు: నాకు ఇది కావాలి, ఇది మరీ నాటకంగా ఉంది, ఈ భర్తను చంపేస్తే తర్వాత ఏం చేయాలి, ఇలా. మొదటి వాక్యంలోనే నవల మొత్తం దేని గురించో తేల్చేస్తాడు. బొగ్గు గనుల నవల "జెర్మినాల్" ఎబోష్ మొదలవడమే కూలివాళ్ల తిరుగుబాటు, పెట్టుబడికీ శ్రమకూ పోరు అంటూ మొదలవుతుంది. పెద్ద బట్టల దుకాణం కథ "ఒ బొనర్ దె దామ్"కు ఆధునిక కార్యకలాపం మీద కావ్యం రాయాలి అని పెట్టుకున్నాడు.

రెండోది పాత్రల చీటీలు. ఒక్కో మనిషికి వయసు, పుట్టిన ఏడు, ఒంటి తీరు, వంశం నుంచి వచ్చిన లక్షణం, చివరకు ఏమవుతాడు. పేర్లు బొత్తెన్ చిరునామాల డైరెక్టరీలోంచి ఏరుకునేవాడు. దీనితోనే చిక్కు వచ్చింది. "పో-బుయ్" సీరియల్‌గా వస్తుండగా డ్యూవెర్దీ అనే లాయరు తన పేరు వాడారని కోర్టుకెళ్లి 1882లో గెలిచాడు. పాత్ర డ్యువెరియే అయింది.

మూడోది సమాచారం. పుస్తకాల నుంచి ఎత్తిరాసిన నోట్లు, తెలిసినవాళ్లకు పంపిన ప్రశ్నలకు జవాబులు, స్వయంగా వెళ్లి రాసుకున్నవి. "లాసొమ్వార్" (1877) ఫైలులో గూత్-దోర్ వీధి పటం ఆయన చేత్తో గీసుకున్నదే ఉంది: లాండ్రీ ఎక్కడ, సారా దుకాణం ఎక్కడ, కథానాయిక జెర్వేజ్ ఇల్లు ఎక్కడ. పనివాళ్ల భాషకు దెల్వో యాస నిఘంటువు, వాళ్ల తాగుడు అలవాట్లకు దెని పూలో 1870 నాటి "లె స్యుబ్లీమ్". పూలో నుంచి మరీ ఎక్కువ తీసుకున్నాడని చౌర్యం ఆరోపణ కూడా వచ్చింది.

నాలుగోది అధ్యాయాల ప్లాన్. సాధారణంగా రెండు విడతలు. మొదటిదాంట్లో కథ, రెండోదాంట్లో నోట్లలోని ఏ వివరం ఏ అధ్యాయంలోకి పోవాలో పంపకం. ఆ తర్వాతే అసలు రాత, ఉదయం పూట రోజుకు కొన్ని పేజీలు, ఆగకుండా. రాతప్రతిలో కొట్టివేతలు తక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే కొట్టివేతలన్నీ ప్లాన్‌లోనే అయిపోయాయి. తర్వాత సీరియల్ నుంచి పుస్తకానికి మారేటప్పుడు మళ్లీ దిద్దేవాడు.

దీన్నిబట్టి మీ ప్రశ్నకు జవాబు: ముగింపు ముందే తెలుసు, సమాచారం తర్వాత వస్తుంది. ఫలితం ముందే రాసుకున్నదాన్ని ప్రయోగం అనలేం.

పాతసంచిక

మూలప్రతి గారితో సగమే ఏకీభవిస్తాను. ఫలితం ముందే ఉందన్నది ఒప్పుకోవాల్సిందే. ఆ వ్యాసానికి ముడిసరుకైన క్లోద్ బెర్నార్ వైద్యగ్రంథం (1865) జోలాకు తెచ్చిచ్చింది జోలా శిష్యుడే, అన్రీ సెయార్. నవలలో జరిగేది ప్రయోగం కాదన్న అభ్యంతరం తెలిపిందీ సెయారే. అయినా వ్యాసం ఎందుకు వచ్చిందో చూడాలి. 1868లో "తెరేజ్ రకేన్"ను ఫిగారోలో కుళ్లు సాహిత్యం అన్నారు. 1876లో లె బియన్ పబ్లిక్ "లాసొమ్వార్" సీరియల్‌ను మధ్యలో ఆపేసింది, మిగతాది వేరే పత్రికలో వచ్చింది. బూతు అన్న మాటకు ఎదురుగా శాస్త్రం అన్న మాట నిలబెట్టాలి. అది కోర్టు వాదనలాంటి వ్యాసం. అలా చదివితే దానికి అర్థముంది, రెసిపీగా చదివితే లేదు.

విమర్శకుడిగా జోలా ఎక్కడ బాగుంటాడంటే 1881 నాటి "నేచురలిస్ట్ నవలాకారులు"లో. బాల్జాక్, స్తెందాల్, ఫ్లోబేర్, గొంకూర్ సోదరులు, దోదే. ముఖ్యంగా ఫ్లోబేర్ మీద రాసినది చదవండి. అక్కడ సిద్ధాంతం గొంతు తగ్గి తోటి పనివాడి గొంతు వినిపిస్తుంది.

బొగ్గుబావి

సమాచారం తర్వాత వస్తుంది అన్నారు కాబట్టి "జెర్మినాల్" చెబుతా. అది వచ్చి చేరాక ఏం మారిందో అందులో కనిపిస్తుంది.

1884 ఫిబ్రవరిలో ఉత్తర ఫ్రాన్స్ అంజాన్ గనుల్లో సమ్మె మొదలైంది. ఫిబ్రవరి ఆఖరి వారం జోలా అక్కడికి వెళ్లాడు, పార్లమెంటు సభ్యుడు అల్ఫ్రెద్ జియార్ సెక్రటరీనని చెప్పుకుని. దెనేన్‌లోని రెనార్ గనిలో 675 మీటర్ల లోతుకు దిగాడు. తిరిగొచ్చి ఏప్రిల్ 2న నవల మొదలుపెట్టాడు, 1885 జనవరి 23న ముగించాడు. 7 భాగాలు, 40 అధ్యాయాలు.

నవలలో కథానాయకుడు ఎతియెన్ తొలిసారి వోరో గని దగ్గర లోతెంత అని అడిగితే వచ్చే జవాబు 554 మీటర్లు, పైన నాలుగు మజిలీలు, మొదటిది 320 దగ్గర. తాను దిగిన లోతును యథాతథంగా పెట్టలేదన్నమాట. అయినా ఆ జవాబు చెప్పే తీరు చూడండి: పొడి అంకె, మజిలీల లెక్క, అంతే. గనివాడు కొత్తవాడికి చెప్పే తీరు అది. అక్కడికి వెళ్లి పట్టుకొచ్చింది ఆ గొంతునే.

ఇంకొకటి. నవలలో కాథరిన్ అనే అమ్మాయి భూమి లోపల బొగ్గు బండి తోస్తుంది. 1884లో జోలా గనిలో ఆ దృశ్యం చూసే వీలే లేదు, ఎందుకంటే 1874 మే చట్టం ఆడవాళ్లను భూగర్భ పని నుంచి నిషేధించింది. నవల కాలం 1866-67 కాబట్టి నవలలో అది సరైనదే. అలాంటివి సిమోనెన్ "లా వీ సూతెరేన్" లాంటి పుస్తకాల నుంచి తీసుకోవాల్సిందే. సైన్యం కాల్పుల వెనక 1869లో లా రికమారీ, ఒబెన్ గనుల్లో జరిగిన చావులున్నాయి. అంటే ఒకే పేజీలో మూడు కాలాలు అతికి ఉంటాయి: కథాకాలం, 1869 సమ్మెలు, 1884 పర్యటన.

లెక్కలపంతులు

ఆ అతుకు అన్నిచోట్లా కుదరలేదండీ. వరుస మొత్తం మూడో నెపోలియన్ నడిపిన రెండో సామ్రాజ్యం లోపల, అంటే 1851 డిసెంబరు కుట్ర నుంచి 1870 పతనం దాకా, ఇరుక్కోవాలి. పథకం వేసింది 1868-69లో, సామ్రాజ్యం ఇంకా ఉండగా. మొదటి నవల సీరియల్ సాగుతుండగానే 1870 యుద్ధం వచ్చింది, సామ్రాజ్యం కూలింది. ముగింపు చరిత్రే ఇచ్చింది, కానీ గడువూ అదే బిగించింది. కొన్ని లెక్కలు:

"నానా" నవల నాయిక, జెర్వేజ్ కూతురు నానా, జోలా వేసిన వంశవృక్షం ప్రకారం 1852లో పుట్టింది. నవల మొదలయ్యేది 1867 ఏప్రిల్‌లో. అంటే 15 ఏళ్లు. నవలలో మాత్రం మొదటి అధ్యాయంలోనే 18 అంటాడు, పైగా కొడుకు కూడా ఉన్నాడు.

"లార్జాన్" (1891) వెనక ఉన్నది యూనియన్ జెనెరాల్ బ్యాంకు దివాలా. అది జరిగింది 1882లో, కథ నడిచేది 1860లలో.

అన్నిటికన్నా పెద్దది జాక్ లాంతియే. "లాసొమ్వార్"లో జెర్వేజ్‌కు లాంతియే వల్ల ఇద్దరే కొడుకులు, క్లోద్, ఎతియెన్. వంశంలో హంతకుడు ఎతియెన్ కావాలన్నది మొదటి ఆలోచన. "జెర్మినాల్" తర్వాత అతన్ని హంతకుడిగా ఊహించలేం. అందుకని 1890 నాటి "లా బేత్ యుమేన్"కు మూడో కొడుకును పుట్టించాడు. 1878లో "యున్ పాజ్ దామూర్"తో వేసిన వృక్షంలో జాక్ లేడు, 1893లో "లె దొక్తర్ పాస్కాల్" వృక్షంలో ఉన్నాడు. పాత ముద్రణల్లోని వృక్షం చూసి తికమకపడేవాళ్లు ఈ తేదీ చూసుకోవాలి.

జాక్ కోసం పడిన శ్రమ తక్కువేం కాదు. 1889 ఏప్రిల్‌లో పారిస్ నుంచి మాంత్ దాకా రైలింజన్ మీద నిలబడి వెళ్లాడు. లిజోన్ ఇంజన్ మంచులో కూరుకుపోయే అధ్యాయం ఆ వరుసలోనే గొప్ప పుటల్లో ఒకటి. వంశానువంశిక సిద్ధాంతానికి అవసరమై పుట్టిన పాత్ర, కానీ చదివేటప్పుడు గుర్తుండేది ఇంజనే.

సుజాత_తెనాలి

డబ్బు లెక్కలు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఏడాదికి రెండు నవలలు, నెలకు 500 ఫ్రాంకులు అన్న ఒప్పందం మొదట లాక్రువాతో. లాక్రువా దివాలా తీశాక 1872లో షార్పాంతియే దాన్ని అందుకున్నాడు. లోపం ఎక్కడంటే ఏడాదికి రెండు రాయడం జోలా వల్ల కాలేదు. పది నవలలు అనుకున్నది ఇరవై అయింది. లెక్కప్రకారం ప్రచురణకర్తకు బాకీ పడ్డాడు. షార్పాంతియే తనంతట తానే ఆ ఒప్పందం తీసేసి కాపీకి ఇంత అని రాయల్టీకి మార్చాడు. "లాసొమ్వార్" డబ్బుతో 1878లో మెదాన్‌లో 9000 ఫ్రాంకులకు చిన్న ఇల్లు కొన్నాడు. "నానా" (1880) మొదటి ముద్రణే 55,000 కాపీలు. ఆయన జీవితకాలంలో అన్నిటికన్నా ఎక్కువ పోయింది మాత్రం 1870 యుద్ధం మీద రాసిన "లా దెబాక్ల్" (1892).

అనువాదాల సంగతి. మనలో ఎక్కువమంది చదివేది ఇంగ్లీషులోనే కాబట్టి జాగ్రత్త. ఉచితంగా దొరికే పాత ప్రతుల్లో చాలావరకు విజెటెలీ సంస్థవి. "లా తేర్" తదితరాలు వేసినందుకు హెన్రీ విజెటెలీకి లండన్‌లో 1888లో 100 పౌండ్ల జరిమానా, 1889లో మూడు నెలల జైలు పడ్డాయి. దాని తర్వాత కొడుకు ఎర్నెస్ట్ కత్తిరించి, మెత్తబరిచి వేశాడు. వాటిలో జోలా మొరటుగా కాక మందకొడిగా కనిపిస్తే తప్పు జోలాది కాదు. ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్‌లో ఇప్పుడు ఇరవై నవలలూ కొత్త అనువాదాల్లో ఉన్నాయి. బ్రయన్ నెల్సన్ చేసినవి కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఇరవైనీ వరుసగా చదవాలని పంతం పట్టినవాళ్లు ఆరో పుస్తకం, "సన్ ఎక్సెలాన్స్ ఊజెన్ రూగోన్" దగ్గర ఆగిపోవచ్చు. అదంతా మంత్రిత్వ రాజకీయం. "లాసొమ్వార్", "జెర్మినాల్" ముందు చదవండి, ఇష్టమైతే మొదటి నవలకు వెళ్లండి. "లె దొక్తర్ పాస్కాల్" మాత్రం ఆఖరికే. అందులో మిగతా అందరి గతీ చెప్పేస్తాడు.

కోనసీమ_చదువరి

చాలా థాంక్సండీ అందరికీ. ఒక్క సందేహం. డ్రేఫస్ తరఫున రాసిన 1898 జనవరి 13 నాటి "నేను ఆరోపిస్తున్నాను" లేఖ ఈ పని విధానానికి కొనసాగింపేనా, లేక వేరే మనిషా?

పాతసంచిక

అదే మనిషి. దాన్ని ఆవేశంగా రాసిన ఉత్తరం అంటారు గానీ కట్టుబడి చూడండి. అధ్యక్షుడు ఫెలిక్స్ ఫోర్‌కు సంబోధన, కేసు కథ తేదీలవారీగా, చివర పేర్లతో ఆరోపణలు: ద్యు పాతీ ద క్లామ్, మెర్సియే, బియో, బ్వాదెఫ్ర్, గోన్స్, పెలియూ, రవారీ, ముగ్గురు చేతిరాత నిపుణులు, ఆపైన కార్యాలయాలు, సైనిక కోర్టులు. ఒక్కొక్కరి పక్కన చేసిన పని. పాత్రల చీటీలే.

తర్వాత, 1881 జులై 29 పత్రికా చట్టం 30, 31 సెక్షన్ల కింద తాను శిక్షార్హుడినని తానే రాశాడు. ఉద్దేశం కేసు పెట్టించుకోవడం, ఆ విచారణలో సాక్ష్యాలు బయటకు లాగడం. ప్రభుత్వం దీన్ని గ్రహించి మొత్తం లేఖ మీద కాక అసలు దోషి ఎస్తెరాజీని విడుదల చేసిన సైనిక కోర్టుకు సంబంధించిన కొద్ది లైన్ల మీదే కేసు పెట్టింది. దాంతో డ్రేఫస్ పేరు వచ్చినప్పుడల్లా జడ్జి ఆ ప్రశ్న అడగడానికి వీల్లేదన్నాడు. అయినా ఫిబ్రవరి 7 నుంచి 23 దాకా సాగిన విచారణలో చాలా బయటపడింది. శిక్ష ఏడాది జైలు, 3000 ఫ్రాంకులు. జులైలో ఇంగ్లండ్ వెళ్లిపోయి 1899 జూన్‌లో తిరిగొచ్చాడు. లేఖకు ఆ పేరు పెట్టింది రాజకీయ నాయకుడు క్లెమాన్సో. ఆ రోజు దాన్ని అచ్చేసిన లోరోర్ పత్రిక దాదాపు మూడు లక్షల కాపీలు వేసింది.

మూలప్రతి

ఫైళ్లు స్వయంగా చూడాలనుకునేవాళ్లకు: జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైట్‌లో ఉచితం. రూగోన్-మకార్ రాతప్రతులకు ఎన్.ఎ.ఎఫ్. (ఆ గ్రంథాలయం రాతప్రతుల జాబితా) సంఖ్యలు వచ్చిన ఏడు ప్రకారం కాదు, ఫ్రెంచ్ పేర్ల అక్షరక్రమంలో ఉంటాయి. "జెర్మినాల్" నవల రాతప్రతి 10305, 10306. తయారీ ఫైలు 10307, 10308. చాలామంది మొదటి రెండూ తెరిచి ఇది అచ్చు పుస్తకమే కదా అని మూసేస్తారు. తెరవాల్సింది తర్వాతి రెండు. "లాసొమ్వార్" తయారీ ఫైలు 10271. చేతిరాత స్పష్టంగానే ఉంటుంది, కొద్దిగా ఫ్రెంచ్ వస్తే ఎబోష్ చదవొచ్చు. ఫ్రెంచ్ రాకపోయినా 10271లో వీధి పటం దగ్గరికి వెళ్లండి, అనువాదం పక్కన పెట్టుకుని జెర్వేజ్ నడిచే దారి దానిమీద వేలితో పట్టుకోవచ్చు.